చారానా పందికి బారానా తుపాకీ

సరిహద్దు పల్లెల్లో ‘చవక రైఫిల్’ వెతుకులాట... అసలు లెక్క వేరే!

బళేపేట (బెంగళూరు): మెజెస్టిక్‌లో బస్సు దిగి నాలుగు అడుగులేస్తే బళేపేట. కన్నడంలో బళె అంటే గాజు. పెళ్లి చీరలకు, డోళ్లు, తబలాలు, హార్మోనియాలకు పేరుపడ్డ బజారు ఇది. హిందూపురం, మడకశిర, మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు నుంచి పెళ్లి బట్టలకు వచ్చేవాళ్లకు ఇక్కడ భాషతో ఇబ్బంది లేదు. సగం అంగళ్లలో తెలుగులోనే బేరం సాగుతుంది. ఊళ్లో పొలం వదులుకోకుండా ఇక్కడ బతుకు వెతుక్కున్న సరిహద్దు జనం కూడా తక్కువేమీ కాదు. అలాంటివాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట పెళ్లిళ్లతో మొదలై పంటల మీదికి, పంటల నుంచి అడవిపందుల మీదికి మళ్లుతుంది. శెనక్కాయ చేను రాత్రికి రాత్రే దున్నేసినట్లు చేశాయని ఒకరు, ఏనుగులు టమాటా తోట తొక్కేశాయని ఇంకొకరు. చివరికి తేలే ప్రశ్న ఒక్కటే. ‘‘తక్కువ రేటులో పెద్ద జంతువును కొట్టే రైఫిల్ ఏదుందన్నా?’’

అడిగేవారి కడుపుమంటలో తప్పు లేదు. ప్రశ్నలోనే ఉంది తిరకాసు. అంగట్లో తుపాకీ మీద ఉండే ధర అసలు ఖర్చులో ఒక భాగమే. ఏ తుపాకీ కొనాలో రైతు కన్నా ముందే చట్టం తేల్చేసింది. కొన్న తుపాకీతో దేన్ని కొట్టొచ్చో, దేన్ని కొట్టకూడదో కూడా చట్టమే చెబుతోంది. ఈ రెండూ తెలుసుకోకుండా బేరానికి దిగితే పంట దక్కదు సరికదా, పరువు, పైకం, ఒక్కోసారి ప్రాణం కూడా పోతాయి.

అండర్సన్ కాలం కాదిది

బెంగళూరు, వేట అనగానే పాతతరం వాళ్లకు గుర్తొచ్చే పేరు కెన్నెత్ అండర్సన్. సికింద్రాబాద్ బొల్లారంలో 1910లో పుట్టి బెంగళూరులో స్థిరపడ్డ ఈయన మనుషుల్ని తినమరిగిన పులులను, చిరుతలను వేటాడారు. మామండూరు, చామల లోయ వంటి మన చిత్తూరు అడవుల పేర్లను తన పుస్తకాలతో ప్రపంచానికి పరిచయం చేశారు. ఆయన చేతిలో ఉండేది అమెరికా తయారీ విన్‌చెస్టర్ కంపెనీ పాయింట్ 405 రైఫిల్. 1895 మోడల్. రాజులు, దొరలు వాడే జంటగొట్టాల ఇంగ్లిష్ రైఫిళ్ల పక్కన పెడితే ఇది సామాన్యుడి ఆయుధమే. అమెరికా అధ్యక్షుడిగా చేసిన థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు పట్టుకెళ్లిందీ ఈ రకమే. ‘పెద్ద జంతువుకు చవక రైఫిల్’ అన్న మాటకు ఆ రోజుల్లో ఇదొక జవాబు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట ఆగిపోయింది. అండర్సన్ 1974లో కన్నుమూశారు. 1980ల మధ్యలో విదేశీ తుపాకుల దిగుమతి దారులూ మూసుకుపోయాయి. దాంతో దేశంలో మిగిలిన పాత ఇంగ్లిష్, జర్మన్, అమెరికన్ రైఫిళ్లు అరుదైన సరుకైపోయాయి. ఎంత పాతబడితే అంత రేటు. విదేశాల్లో మామూలు మనిషి కొనుక్కునే రకం కూడా ఇక్కడ లక్షలు పలకడానికి కారణం దాని గొప్పతనం కాదు, కొరత.

ఎంపిక చట్టం చేతిలో

1959 నాటి ఆయుధాల చట్టంలో 13వ సెక్షన్ చదివితే సగం సందేహాలు తీరిపోతాయి. పంట కాపలాకు అసలుసిసలైన అవసరం ఉన్న రైతుకు ఇవ్వాల్సింది ముందునుంచి మందు దట్టించి పేల్చే తుపాకీకి లైసెన్సు. అది సరిపోదని అధికారికి నమ్మకం కలిగితే, లోపల గాట్లు లేని నున్నటి గొట్టం తుపాకీకి ఇవ్వొచ్చు. అంటే 12 బోర్ లాంటిది. పాయింట్ 22 రైఫిల్ మాట ఆ సెక్షన్‌లోనే ఉంది కానీ, అది రైఫిల్ క్లబ్ సభ్యుల గురి సాధనకు. అంతకు మించిన రైఫిల్ కావాలంటే ‘నాకు ఇది ఎందుకు అవసరం’ అన్నది అధికారి ముందు విడిగా రుజువు చేసుకోవాల్సిందే. ‘పొలం ఉంది, పందులొస్తున్నాయి’ అంటే రైఫిల్ చేతికొచ్చేస్తుందనుకోవడం భ్రమే.

లైసెన్సు ఇచ్చేది బెంగళూరు నగరంలో అయితే పోలీసు కమిషనర్, మన జిల్లాల్లో అయితే కలెక్టర్. పోలీస్ స్టేషన్ నుంచి విచారణ నివేదిక వెళ్లాలి. 21 ఏళ్లు నిండాలి. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం తుపాకీ భద్రంగా వాడటం, దాచడంపై శిక్షణ కూడా చూస్తారు. 2019లో చట్టాన్ని సవరించాక మనిషికి గరిష్ఠంగా రెండు తుపాకులే. అంతకుముందు మూడు ఉండేవి. లైసెన్సు గడువును మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు.

సరిహద్దు జనం ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. లైసెన్సు మీద ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. కర్ణాటక వరకే అని రాసిన లైసెన్సుతో బెంగళూరులో కొన్న తుపాకీని కారు డిక్కీలో పెట్టుకుని ఊళ్లో పొలానికి తీసుకెళ్తే, చెక్‌పోస్టు దాటిన క్షణం నుంచి అది నేరమే. ‘మా ఊరే కదా, మా చేనే కదా’ అంటే కుదరదు.

దొరికేవి ఏవి? పనికొచ్చేవి ఏవి?

లైసెన్సు ఉన్నవాళ్లకు దేశీయ తయారీలో దొరికే రకాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాలావరకు పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ సరుకు. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును 2021 అక్టోబరు 1న రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడదీశాక, ఈ ఫ్యాక్టరీ కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చింది.

పాయింట్ 315: మన దేశంలో ‘పెద్ద రైఫిల్’ అంటే సామాన్యుడికి తెలిసింది ఇదే. సైన్యం వాడిన పాయింట్ 303 గుండు ప్రజలకు నిషేధం కాబట్టి, దాదాపు అదే యంత్రాంగానికి వేరే సైజు గుండు పెట్టి తయారుచేశారు. సుమారు 16 గ్రాముల గుండు సెకనుకు 650 మీటర్లకు పైగా వేగంతో వెళ్తుంది. పంది లాంటి జంతువుకు బలం చాలు. చిక్కల్లా గుండు అక్కడితో ఆగకపోవడమే. గురి తప్పితే కిలోమీటర్ల దూరం పోగలదు. చేను పక్కన చేను, చేను పక్కన ఇల్లు ఉన్న మన పల్లెల్లో రాత్రిపూట ఇది పేల్చడమంటే చీకట్లో రాయి విసరడం కాదు, మృత్యువును విసరడం.

30-06: ఇషాపూర్ నుంచే వచ్చే మరో రకం. దూరం, సూటి ఎక్కువ. ధర, తూటా ఖర్చు కూడా ఎక్కువే. పంట కాపలాకు ఇంత అవసరమా అన్న ప్రశ్నకు అధికారి దగ్గర జవాబు చెప్పుకోవడం కష్టం.

పాయింట్ 22: అన్నిటికన్నా చవక, శబ్దమూ తక్కువ. అందుకే దొంగ వేటగాళ్లకు ఇష్టం. రెండున్నర గ్రాముల గుండు పందిని చంపదు, గాయపరుస్తుంది. గాయపడ్డ పంది పొదలో కూర్చుని తెల్లారి చేనికొచ్చిన కూలీ మీద పడుతుంది. పోనీ చిన్న గుండే కదా అనుకుంటే, అది కూడా కిలోమీటరుకు మించి పోతుంది.

12 బోర్: ఒంటి గొట్టం, జంట గొట్టం రకాలు. పెద్ద గుళ్ల తూటా వేస్తే ముప్పై నలభై మీటర్ల లోపే పని. దూరం పోదన్నది దీని లోపం అనుకుంటారు. ఇళ్ల మధ్య పొలాల్లో అదే దీని సుగుణం. ఇరుగు పొరుగుకు ప్రమాదం తక్కువ. తూటాలు దేశంలోనే తయారవుతాయి. పంట కాపలాకు చట్టం నున్నటి గొట్టం వైపే ఎందుకు మొగ్గిందో ఇక్కడే అర్థమవుతుంది.

మొత్తమ్మీద ‘పెద్ద జంతువు, చవక రైఫిల్’ అన్న లెక్కలో గెలిచేది రైఫిల్ కాదు, 12 బోర్ తుపాకీ. అదీ అనుమతి ఉన్నచోట, దగ్గర నుంచి, గురి కుదిరిన చేతిలో.

కొన్నాక మొదలయ్యే ఖర్చు

తుపాకీతో పాటు దాన్ని తాళం వేసి దాచే ఇనుప పెట్టె కావాలి. తూటాలు లైసెన్సు మీద రాసిన లెక్క ప్రకారమే ఇస్తారు, లెక్క చెప్పాలి. గురి నేర్చుకోవడానికి తూటాలు ఖర్చు చేయకుండా తుపాకీ పట్టుకుంటే ఉపయోగం లేదు. ఐదేళ్లకోసారి రెన్యువల్. ఎన్నికలు వస్తే స్టేషన్‌లో అప్పగించాలంటారు, ఎన్నికలయ్యాక మళ్లీ తెచ్చుకోవాలి. ఆ రోజుల్లో పందులకు కోడ్ వర్తించదు! తిరుగుళ్లు, చార్జీలు, పోయిన పనిదినాలు అన్నీ కలిపి లెక్కేస్తే, చారానా కోడికి బారానా మసాలా అన్న సామెత పందికీ వర్తిస్తుంది.

తుపాకీ వేరు, వేట అనుమతి వేరు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. తుపాకీ లైసెన్సు అంటే తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి అనుమతి. జంతువును కొట్టడానికి కాదు. 1972 చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. 11వ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే మినహాయింపు. చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు మూడో షెడ్యూల్‌లో ఉన్న అడవిపంది ఇప్పుడు రెండో షెడ్యూల్‌లో ఉంది. ప్రాణానికి గానీ, నిలబడి ఉన్న పంటకు గానీ ముప్పు అని తేలితే ఈ జాబితాలోని జంతువులకు అనుమతి ఇవ్వొచ్చు. ఏనుగు, చిరుత, ఎలుగుబంటి, కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పంట పోయిందన్న కారణంతో వాటి జోలికి వెళ్లడానికి వీల్లేదు. ఎదురుపడి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణకు కొడితే నేరం కాదని చట్టం చెబుతోంది. చేను మీదికి వచ్చిందని కొడితే మాత్రం నేరమే.

అనుమతి లేకుండా పందిని కొడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూల్ జంతువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం రూ. 25 వేల జరిమానా. వాడిన తుపాకీ, వాహనం సర్కారు పాలు. 1998లో జోధ్‌పూర్ దగ్గర జరిగిన కృష్ణజింకల వేట కేసులో సినీనటుడు సల్మాన్‌ఖాన్‌కు 2018లో ఐదేళ్ల శిక్ష పడింది. బెయిలొచ్చినా ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరగక తప్పలేదు. అంతటివాడికే తప్పని తిరుగుడు ఐదెకరాల రైతుకు తప్పుతుందా?

‘కొడగువాళ్లకు లైసెన్సే అక్కర్లేదట కదా’ అని బళేపేటలో అడిగేవాళ్లున్నారు. నిజమే. కొడవలకు, జమ్మా భూముల హక్కుదారులకు బ్రిటిష్ కాలం నుంచి ఆయుధ లైసెన్సు మినహాయింపు ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. అయితే అది తుపాకీ ఉంచుకోవడానికి మాత్రమే. వేట నిషేధం వాళ్లకూ వర్తిస్తుంది.

దారి చూపిన రాష్ట్రాలు

చట్టంలో దారి లేదనుకోవడం కూడా తప్పే. బీహార్‌లో నీల్గాయిలు, అడవిపందులను కేంద్రం 2015 చివర్లో ఏడాదిపాటు పంటలకు హాని చేసే జీవులుగా ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో రెండు వందలకు పైగా నీల్గాయిలను కొట్టింది హైదరాబాద్‌కు చెందిన షఫత్ అలీఖాన్ బృందం. ఆ పని చేసింది ఊరి రైతులు కాదు, ప్రభుత్వం పిలిపించిన షూటర్లు. దానిపైనా దేశమంతా వాదోపవాదాలు నడిచాయి. కేరళ 2022 మేలో ఇంకో దారి తొక్కింది. పంటలు నాశనం చేసే పందులను లైసెన్సు తుపాకులున్నవాళ్లతో కాల్పించేందుకు ఉత్తర్వు ఇచ్చే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు కట్టబెట్టింది. అనుమతి కోసం జిల్లా కేంద్రం దాకా పరుగెత్తే బాధ తప్పింది.

ఈ రెండు చోట్లా తేలిందేమిటి? ప్రతి రైతూ తుపాకీ కొనక్కర్లేదు. ఊరికో మండలానికో నమ్మకమైన గురికాడు, చేతిలో రాతపూర్వక అనుమతి ఉంటే చాలు. తుపాకీ ఖర్చు ఒక్క రైతు నెత్తిన పడదు, ప్రమాదమూ తగ్గుతుంది.

అమెరికాలో మనవాళ్ల మాట

‘టెక్సాస్‌లో మా బావమరిది నాలుగైదు వందల డాలర్లకే రైఫిల్ కొన్నాడు’ అన్న మాట కూడా వినిపిస్తుంది. అందులో అబద్ధం లేదు. అక్కడ శావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్ వంటివి చవక రకాలుగా పేరుపడ్డాయి. పెంపుడు పందులు అడవి పట్టి పెరిగిపోయిన ఆ రాష్ట్రంలో 2019 సెప్టెంబరు నుంచి వాటిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. భూమి యజమాని అనుమతి ఉంటే చాలు. కానీ అక్కడి అనుభవజ్ఞులు కొత్తవాళ్లకు చెప్పేది ఒకటే. రైఫిల్ మీద మిగిలిన డబ్బు మంచి దూరదర్శినికి, తూటాలకు, సాధనకు పెట్టు. ఊళ్లో అంగట్లో తూటా దొరికే రకమే తీసుకో. భుజం తట్టుకోలేని పెద్ద తుపాకీ కన్నా గురి కుదిరే మామూలు తుపాకీ మేలు. వందల ఎకరాల కమతాల మధ్య పేలే తుపాకీ అది. ఆ రేటు చూసి, ఎకరానికో గట్టు, గట్టుకో గుడిసె ఉన్న మన ఊళ్లతో పోల్చుకోవడం నక్కకూ నాకలోకానికీ ముడిపెట్టడమే.

అన్నిటికన్నా చవక... అన్నిటికన్నా ప్రమాదం

లైసెన్సు దారి కష్టమనుకున్నవాళ్లు తొక్కే అడ్డదారులు మూడు. నాటు తుపాకీ, నాటు బాంబు, కరెంటు తీగ. మూడూ చవకే. నాటు తుపాకీ గొట్టం పగిలితే పేల్చినవాడి చేయి పోతుంది, కళ్లు పోతాయి. దొరికితే 2019 సవరణ ప్రకారం కనీసం రెండేళ్లు, ఐదేళ్ల దాకా జైలు. తయారుచేసినవాడికైతే ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. పందికని పెట్టిన బాంబుండ ఆవు నోట్లో, కుక్క నోట్లో పేలిన ఉదంతాలు పల్లెల్లో కొత్తేమీ కాదు. చేను చుట్టూ లాగిన కరెంటు తీగకు పంది పడుతుందో లేదో గానీ, రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క పొలం రైతు బలవుతాడు. కౌండిన్య అభయారణ్యం చుట్టుపక్కల ఏనుగులు కూడా ఇలాగే ప్రాణాలు వదిలాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

చీరా డప్పూ సరిపోతాయా?

బళేపేటలో అమ్మేది చీరలు, డోళ్లు. చిత్రమేమిటంటే, మన రైతు మొదటి నుంచీ నమ్ముకున్న ఆయుధాలు కూడా అవే. శెనక్కాయ చేను చుట్టూ పాత చీరలు కట్టడం, మంచె మీద డప్పు, డబ్బా వాయించడం. పందులు నాలుగు రోజులు బెదురుతాయి, ఐదో రోజు అలవాటు పడతాయి. అందుకే వ్యవసాయ శాస్త్రవేత్తలు గట్ల వెంట ఆముదం సాళ్లు వేయమంటున్నారు. ప్రాణం తీయకుండా చిన్న షాక్ ఇచ్చే సోలార్ కంచె వేసుకోమంటున్నారు. ఒక్కరు వేస్తే భారం. పది మంది రైతులు కలిసి ఒకే కంచె లాగితే తలా కొంత పడుతుంది. ఒక్కో రైతు ఒక్కో తుపాకీ కొనడం కన్నా ఇదే చవక.

ఏనుగు విషయంలో తుపాకీ మాట ఎత్తడమే దండగ. 1980ల్లో పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన గుంపుల కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. వాటికి మన జిల్లా కొత్త ఊరు కాదు, సొంత ఊరైపోయింది. బళేపేటకు కూతవేటు దూరంలోని విధానసౌధ ముందు 2025 మే 21న కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటి శిబిరం ఉంది. గుంపును గుంపే మళ్లించగలదన్న ఆలోచన అది. సరిహద్దు లేని జంతువుకు సరిహద్దు దాటిన సహకారమే మందని రెండు రాష్ట్రాలూ ఒప్పుకున్నట్లయింది.

పందుల విషయంలోనూ ఆ చొరవే కావాలి. దరఖాస్తు చేసిన రైతుకు రోజుల్లో జవాబు రావాలి, నెలల్లో కాదు. అనుమతి ఉన్న షూటర్ల జాబితా మండల కార్యాలయం గోడ మీద కనిపించాలి. పంట కోత నాటికి నష్టపరిహారం చేతికందాలి. ఈ మూడూ లేకనే రైతు చూపు అంగట్లో తుపాకీ మీదికి, అక్కడ కుదరక నాటు తుపాకీ మీదికి మళ్లుతోంది.

రైఫిల్ ధర అడిగే రైతుకు నిజానికి కావాల్సింది రైఫిల్ కాదు, రాత్రిపూట నిద్ర. ఆ నిద్ర అంగట్లో దొరకదు. ఆఫీసుల్లో కదలని ఫైళ్లు కదిలితే దొరుకుతుంది.